నన్ను సేత్తూరు బస్సు ఎక్కించిన వాద్యారు

నా పేరు రంగమ్మ. వయసు డెబ్బై నాలుగు. రాజపాళయంలో కూతురింట్లో ఉండాను. నాకు అక్షరం రాదు, నోరు ఉంది. నేను చెప్తాంటే నా కూతురు రాస్తాంది. మా పక్కింటి బడిపంతులు, మా వాద్యారు, పోయి నేటికి పదహారు దినాలు. తెల్లవారి కాపీ తాగి, లోటా కింద పెట్టి, అట్లే ఒరిగినాడు. ఆయన కోడలు గోడవతల నుంచి "పెద్దమ్మా, మామ పలకడంలేదు" అని పిలిచింది. పోయి ఆయన కండ్లు మూసింది నేనే.

చావడి పెద్దలూ, వీధివాండ్లూ, ఆఖరు దాకా వినండి. ఇందులో ఆయన మంచి ఉంది, నా తప్పు ఉంది. నలభై ఐదేండ్ల కింద నా తోడికోడలి మీద పడిన నింద తీసేయాల. అందుకే ఈ కాగితం.

వాద్యారు బడిలో తమిళం చెప్పి రిటైరైనాడు. నూటయాభై ఏండ్ల కిందటి రష్యా నవలలు, తమిళంలో వచ్చినవి, ఆయన బీరువా నిండా ఉండినాయి. సాయంత్రం నాలుగింటికి, అన్నానికి కూర్చునేవాని మాదిరి చేతులు కడుక్కొని, అరుగు మీద పుస్తకం తెరిచేవాడు. తమిళంలో చదివి, మన ఇంటి మాట తెలుగులో చెప్పేవాడు. ఆ దేశంలో ఒక్కొక్క మనిషికి మూడేసి పేర్లంట. నాకోసం అవన్నీ తీసేసి పొడుగాయన, గడ్డం సామియారు, దగ్గే పిల్ల అని పెట్టినాడు. కథలో ఎవరు తప్పు చేసినా అక్కడ పుస్తకం మూసి, "నీ తీర్పు చెప్పు చెల్లెమ్మా" అంటాడు. చెప్పేదాకా పేజీ తిప్పడు.

సామి ఉన్నాడా లేడా అని ఆ పొడుగాయన నూరు పేజీలు కుమిలిపోతాంటే నాకు మండింది.

"వానికి పని లేదన్నా. వరి మడిలో దించు, సందేహం బురదలో పోతుంది."

"ఇంకో నవలలో ఒక భూస్వామి దిగినాడు చెల్లెమ్మా. పంట వచ్చింది, సందేహం పోలేదు."

"నీకు ఉన్నాడా సామి?"

"తెలియదు. పక్కింట్లో నువ్వుండావు, అది తెలుసు. దానికి తగినట్టు నడుచుకోవాల గదా."

కోయిలుకు పోయి సామికి దండం పెట్టని మనిషి. నాకు జ్వరమొచ్చిన వారం దినాలూ గంజి మోసుకొచ్చింది ఆయనే.

పోయిన మాసం ఒక నవలలో, తప్పు చేసినోడు ఇంట్లో ఉండాడు, చేయనోడు మంచు దేశానికి శిక్షకు పోతాడు. "తీర్పు?" అన్నాడు. "ఆ ఇంట్లో ఉన్నోణ్ణి నడివీధిలో నిలబెట్టాల" అన్నాను. ఆ మాట నాకే తగిలింది. ఆ దినమే ఆయనకు చెప్పేసినాను.

పొయ్యి బూడిదను నిప్పు ఆరకముందే గడ్డివామి పక్కన పోసింది నేను. వామి కాలిపోయింది. ఆ ఎండాకాలం ఎద్దులకు మేత లేదు. బూడిద ఎత్తేది మేమిద్దరమే, నేనూ నా తోడికోడలూ. కోయిల్లో, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి సత్యం చేయమన్నారు. నేను టపీమని ఆర్పి "నేను పోయలేదు" అన్నాను. ఆమె చేయి వణికింది, కర్పూరం దాకా పోలేదు. వణికినామెదే తప్పు అన్నారు పెద్దలు. ఆమెనూ మరిదినీ వేరు పెట్టినారు. సేత్తూరు పోయి బతికినారు. కులదైవానికి పొంగలి పెట్టే దినం ఇంతవరకూ ఆమెను పిలవలేదు.

"నాకేం కాలేదన్నా. చేయి కుళ్లలేదు, కన్ను పోలేదు. సామి లేడని ఆ ఏడే తెలిసిపోయింది" అన్నాను.

వాద్యారు తిట్టలేదు. "దండించలేదని సామి మీద ఇన్నేండ్లుగా కోపమా? ఉంటే, పాపం, ఆయనకూ కష్టమే" అన్నాడు. మళ్లీ, "నీ తోడికోడలు బతికి ఉందా?" అన్నాడు.

"ఉంది."

"సేత్తూరుకు బస్సు తిరుగుతాంది గదా?"

"నువ్వూ రా" అన్నాను. "పుస్తకం ముగించి పోదాం" అన్నాడు. ముగియలేదు.

ఆయన పోయిన పదో దినం నేనొక్కదాన్నే బస్సెక్కినాను. ఆమె గుమ్మంలో చింతపండు ఒలుస్తాంది. నిలబడే చెప్పినాను. ఆమె చేయి ఆపలేదు.

"తెలుసక్కా. బూడిద తట్ట నీ చేతిలో చూసినాను."

"ఎందుకే చెప్పలేదు?"

"నీకు మూడో నెల. ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అబద్ధపు సత్యం కడుపులో బిడ్డకు తగులుతుందంటారు గదా. నువ్వు టపీమని కొట్టేసరికి, ఆ బిడ్డకేమవుతుందోనని నాకు వణుకు పట్టింది."

నేను గడప మీద కూర్చున్నాను. ఆమె నా ముందర నీళ్లు పెట్టి, "నలభై ఐదేండ్లు నీకు బస్సు దొరకలేదా అక్కా?" అన్నది.

సామి ఉన్నాడని నేను చెప్పడంలేదు, లేడనీ చెప్పడంలేదు. తెలిసింది చెప్తాను. నిప్పు బూడిద పోసింది నేను, ఆమె కాదు. ఈ ఏడు పొంగలికి మొదటి కుండ ఆమె పెట్టాల. చావడిలో అందరి ముందరా ఇది చదవండి. నా నోటి నుంచి నిజం రప్పించింది వాద్యారని కూడా చదవండి.

ఆ కడుపులో బిడ్డే ఇది రాస్తాంది. ఇక్కడికి వచ్చి పేనా ఆపేసింది. "రాయవే" అంటే "ఉండమ్మా" అని, సేత్తూరు నుంచి వచ్చి పక్కన కూర్చున్న చిన్నమ్మ భుజం మీద తల పెట్టుకుంది. పేనా వాద్యారి కోడలు అందుకుంది. చిన్నమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఒక చేత్తో దాని జుట్టు సర్దుతా, ఇంకో చేత్తో ఒడిలో ఉన్న రష్యా నవల తిప్పుతా, వాద్యారు ఆపిన పేజీ వెతుకుతాంది.

రంగమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
సి. అలమేలు, తోడికోడలు, సేత్తూరు
కె. సుశీల, వాద్యారి కోడలు