దూడ రక్తంలో తీపి

నాకు అక్షరాలు వచ్చేసరికి మనవలు పుట్టారు. వచ్చాక కూడా మా ఆయన ఉన్నన్నాళ్లు ఇది రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడాయన లేడు.

కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో రెండు గేదెలతో కాపురం పెట్టిన కొత్త. ఆబిడ్స్‌లో ఒక హోటలుకు పాలు పోసేవాళ్లం. పెద్ద గేదె ఈనింది. మగదూడ. గేదె చేపి పొదుగులోకి పాలు దించడానికి రెండు గుక్కలు తాగనిచ్చి, దాన్ని లాగి గుంజకు కట్టేసేవాళ్లం. తర్వాత గంజి పట్టేవాళ్లం. చుట్టుపక్కల అందరూ చేసేదే.

పశువుల దవాఖాన డాక్టరొకాయన, దూడలు పెరిగేకొద్దీ రక్తం ఎలా మారుతుందో చూడటానికి వారం వారం వచ్చి, మెడ దగ్గర సూది గుచ్చి సీసాలో పట్టుకెళ్లేవాడు. మూడో వారం "రక్తంల చక్కెర బాగ తగ్గిందమ్మా" అన్నాడు. ఆయన అటు వెళ్లగానే బెల్లం నీళ్లు కలిపి వెదురు గొట్టంతో పోశాను. రోజూ పోశాను. దూడ నీళ్లలా పారుకోవడం మొదలుపెట్టింది. లేచి నిలబడితే కాళ్లు వణికేవి.

మళ్లీ వారం ఆయన వచ్చి దాని తోక ఎత్తి చూశాడు.

"ఏం తాపినవమ్మా?"

"బెల్లం నీళ్లండి. చక్కెర తగ్గిందన్నారుగా."

ఆయన కోప్పడలేదు. "గీ వయసుల బెల్లం అరగది. గంజి గూడ అంతే. పాలల్ల ఉన్న తీపే దాని రక్తంలకు పోతది. గడ్డి తిని నెమరేసుడు షురూ అయినంక రక్తం తీరే వేరే, గడ్డి నుంచే బలమొస్తది. గప్పటిదాంక జర పాలు తాగనియ్యి."

"ఎన్నాళ్లండి?"

"రెండు నెలలు."

మధ్యాహ్నం మా ఆయన క్యాన్లు కడుగుతుంటే చెప్పాను.

"ఒక పూట పాలు దూడకి వదులుదామండి."

"వదులు. హోటలాయన గన్‌ఫౌండ్రీ నుంచి ఇంకొకణ్ని పిలిపించుకుంటాడు. రేపు పాలివ్వడానికి అదేమన్నా పెయ్యదూడా? డాక్టరు గారి సీసాలు నింపడానికి మన పాలా?"

"చచ్చిపోతుందండీ."

"చస్తే గేదె చేపదని నీ భయం. దానికీ ఉపాయం ఉందిలే."

నా భయం అది కాదు. కానీ ఆ మాట అనలేదు. ఆయన చూడకుండా ఒక్క చెంబెడు పట్టొచ్చు. అదీ చెయ్యలేదు.

నాలుగో రోజు పొద్దున్నే దూడ పోయింది. ఎత్తితే బరువే లేదు. మా ఆయన తోలు తీసే మనిషిని పిలుచుకొచ్చాడు. సాయంత్రానికి ఆ తోలులో గడ్డి కూరి, కుట్టి ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు తెల్లవారి నేనే దాన్ని ఎత్తుకెళ్లి గేదె ముందు నిలబెట్టాను. గేదె దాన్ని నాకింది. చేపింది. నేను చెంబు కింద పెట్టుకుని పిండాను. ఆ పాలు ఆబిడ్స్ తీసుకెళ్లి హోటల్లో పోసి వచ్చాను.