పదకొండు పాయింట్ నాలుగు

1988 జూన్ 6, సోమవారం నాడు సుబేదారిలోని ఒక నీటిపారుదల కార్యాలయంలో, వరద నియంత్రణ గదికి గణాంక సహాయకురాలిగా చేరాను. హోదాలో డిప్యూటీ ఇంజనీరు గారికి మూడు మెట్లు కింద. ఆ గదికి అప్పుడే ఒక కంప్యూటర్ వచ్చింది. దాని కోసం ఏసీ పెట్టారు. మాకు ఫ్యాను ఉండేది.

నర్సంపేట వైపు ఒక పెద్ద చెరువు తూము పక్కన బావిలాంటి గొట్టం కట్టి, అందులో తేలే డబ్బా ఒకటి వదిలారు. నీరు పెరిగితే డబ్బా లేస్తుంది. దాని తీగ పైనున్న చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగినదాన్ని బట్టి నీటిమట్టం అంకెగా నమోదవుతుంది. మూడు గంటలకొకటి చొప్పున రోజుకు ఎనిమిది అంకెలు. ఉదయం ఆరింటికి ఆ ఎనిమిదీ ఒక ఫైలుగా వైర్‌లెస్ మీద వాటంతటవే మా కంప్యూటర్‌కు చేరేవి. అది వాటిని పట్టికలో కలుపుకొని, కింద ‘ఓకే’ అని అచ్చు వేసేది.

అంతకు ముందు ఈ పని నీరటి సాయిలు చేసేవాడు. నీరటి అంటే తూము తెరిచి మూసేవాడు, కట్టను కాచేవాడు. తూము మెట్లు ఎన్ని మునిగాయో చూసి, చిట్టీ రాసి బస్సు కండక్టర్‌కు ఇచ్చేవాడు. ఆ చిట్టీ ఒక్కోసారి మధ్యాహ్నానికి, ఒక్కోసారి బజ్జీల నూనెతో వచ్చేది. లెక్కల్లో మనిషి చెయ్యి పడకూడదని ఇంజనీరు గారు జులైలో ఆ చిట్టీలు ఆపించారు.

అక్టోబర్ 20 దసరా. ఆఫీసులో జీపుకు, టైపు మిషన్‌కు, కంప్యూటర్‌కు పూజ జరిగింది. ఇంజనీరు గారు చెరువు దాకా వెళ్లి, అక్కడి యంత్రానికి కూడా స్వయంగా పూజ చేసి వచ్చారు. మర్నాటి నుంచి ముసురు పట్టింది.

24వ తేదీ సోమవారం పొద్దున్నే సాయిలు తడిసిన గొంగడితో మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మా, పైనుంచి రెండో మెట్టు మునిగింది. మీ మిషన్ ఏమంటాంది?”

రెండో మెట్టు అంటే పద్నాలుగు అడుగులు దాటినట్టు. మిషన్ 11.4 అంటోంది. నీళ్లు ఎక్కువ నిలవాలని రైతులు మత్తడి మీద, అంటే మిగులు నీరు పోయే గోడ మీద, ఇసుక బస్తాలు పేర్చుకున్నారు. ఆఫీసు ఆర్డరు లేకుండా వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోరు. పద్నాలుగు దాటనిదే ఆర్డరు ఇవ్వరు. ఈలోగా కట్ట తెగితే దాని కింద పదహారు ఇళ్లు. అందులో సాయిలుది ఒకటి.

ఇంజనీరు గారు కాగితం చూపించారు. “ఫైలు పొద్దున్నే వచ్చింది సాయిలూ. ఓకే అని కూడా ఉంది.”

“ఫైలు వచ్చింది సారూ, నీళ్లు గూడ వచ్చినయి. మీ మిషన్ ఇంకా పండుగ సెలవులనే ఉన్నట్టున్నది.”

నేను నాలుగు రోజుల కాగితాలు పక్కపక్కన పరిచాను. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు. ముప్పై రెండు చోట్లా 11.4. వరి పొలాలకు తూము తెరిచి ఉంది కాబట్టి, వాన లేకపోతే మట్టం రోజుకు అడుగులో పదో వంతు తగ్గాలి. వాన ఉంటే పెరగాలి. కదలకుండా ఉండటం ఒక్కటే కుదరదు. ఈ లెక్క కాగితం వెనక వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి జీపు తెమ్మన్నారు. సాయిలుతో పాటు నన్నూ ఎక్కమన్నారు, లెక్క తప్పితే పక్కన ఎవరైనా ఉండాలి కదా.

యంత్రం మూత తీస్తే చక్రానికి పసుపు, కుంకుమ, మూడు చుట్లు చుట్టిన బంతిపూల దండ. పురికొస తడిసి బిగుసుకుంది. కింద డబ్బా నీట మునిగి ఉంది.

“దండ మీరే ఏసిండ్రు సారూ, మీరే తియ్యున్రి,” అన్నాడు సాయిలు.

ఆయనే తీశారు. చక్రం గిర్రున తిరిగి 14.6 దగ్గర ఆగింది. ఆర్డరు మీద సంతకం జీపు బానెట్ మీదే జరిగింది. మూడు గంటలకల్లా బస్తాలు తీసేశారు, మత్తడి దుంకింది, కట్ట నిలిచింది.

అక్టోబర్ నెల నివేదికలో ఇంజనీరు గారు ఫైళ్లు నూటికి నూరు శాతం అందాయని రాశారు. అది నిజమే. నేను అడిగినవి రెండు: సాయిలు చిట్టీ మళ్లీ మొదలుపెట్టాలి, వరుసగా ఎనిమిది అంకెలు ఒకటే అయితే కంప్యూటర్ హెచ్చరిక అచ్చు వేయాలి. రెండూ ఒప్పుకున్నారు.

మరుసటి మే నెలలో ఆ హెచ్చరిక పంతొమ్మిది రోజులు వరుసగా పడింది. మొదటి రోజే ఇంజనీరు గారు మళ్లీ జీపు తెమ్మన్నారు. అంతలో బస్సులో చిట్టీ వచ్చింది: “అమ్మా, చెరువు ఎండింది. మిషన్ మంచిగనే ఉన్నది. దండ ఎవ్వలు ఎయ్యలే.”

అంకె వచ్చిందని యంత్రం చెబుతుంది. అంకె కదలడం లేదని కూడా, నేర్పితే, చెబుతుంది. ఎందుకు కదలడం లేదో ఒకరు వెళ్లి చూడాలి. నేను రిటైరయ్యేదాకా రెండు కాగితాలూ ఒకే ఫైల్లో కుట్టించాను, చిట్టీ పైన, అచ్చు కింద.