నీళ్ళ ట్యాంకు స్టాపు

మా కాలనీ మొదట్లో ఇప్పటికీ ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది: "నగరానికి కూతవేటు దూరంలో". ఆ కూత వేసినవాడెవడో గానీ వాడి గొంతుకి దండం పెట్టాలి. పొద్దున తిని బస్సెక్కితే, నగరం కనబడేసరికి తిన్నది అరిగిపోయి మళ్ళీ ఆకలేస్తుంది. ఇదంతా తెలియక వచ్చి పడ్డామని కాదు. మేమిచ్చే అద్దెకి ఊళ్ళో ఒక గోడ కూడా రాదు. ఇక్కడ నాలుగు గోడలు, పైన కప్పు, వంటింట్లోకి ఎండ. మిగతా అద్దె బస్సులో నిలబడి కడుతున్నామని కాలనీలో అందరూ నవ్వుతూ చెప్తారు. ఆ నవ్వులో కూడా పెద్దగా ఓపిక ఉండదు.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ, అదీ పలచనిది. అవతల గరిటె కింద పడితే ఇవతల నేను ఉలిక్కిపడతాను. అందుకని వాళ్ళ సంగతుల్లో నేను అడిగి తెలుసుకున్నవి తక్కువ, చెవిన పడ్డవి ఎక్కువ. ఆ ఇంట్లో ముగ్గురు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పగలంతా పైకీ కిందికీ తిరిగే మనిషి, ఇంటికొచ్చాక ఎటూ కాకుండా మధ్యలో ఆగిపోతాడు. తల్లి ఏమన్నా ఊఁ అంటాడు, పెళ్ళాం ఏమన్నా ఊఁ అంటాడు. రెండో మనిషి అతని తల్లి. ఆవిణ్ణి మేమంతా పెద్దావిడ అంటాం. మూడో మనిషి కోడలు.

కోడల్ని బస్సులో అందరూ పళ్ళమ్మాయి అంటారు. కొత్తవాళ్ళు పళ్ళ బండి ఉందేమో అనుకుంటారు గానీ, ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే లాబులో. డాక్టర్లు పంపిన దవడ అచ్చు మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ నిలబెట్టి, పై వరసా కింది వరసా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసి, సానబట్టి పంపాలి. "మనిషి ముఖం తర్వాత చూస్తా అక్కా, ముందు పళ్ళే కనబడతాయి" అనేది. పిల్లల సంగతి ఎవరైనా కదిపితే, "దానికైనా ఇద్దరం ఒకేసారి మెలకువగా ఉండాలిగా" అని కొట్టిపారేసేది. అందరం నవ్వేవాళ్ళం. ఆమె మాత్రం అప్పటికే కళ్ళు మూసుకుని ఉండేది.

మా బస్సుకొక చట్టం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పరు. మా వెనక ఇంకో రెండు కాలనీలు మొలిచాయి కాబట్టి, బస్సు మా దగ్గరికి వచ్చేసరికే సీట్లన్నీ నిండి ఉంటాయి. కూర్చున్నవాళ్ళు వంతెన దాకా కూర్చుంటారు. వంతెన ఎక్కగానే లేచి, పక్కన నిలబడ్డవాళ్ళకి సీటిచ్చేస్తారు. ఒకసారి ఎవరో కొత్తావిడ కిటికీవైపు తిరిగి నిద్ర నటించింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. రెండో నియమం ఇంకా గట్టిది. నిద్రపోయే ప్రతి మనిషికీ లేపే మనిషి ఒకరుండాలి. ఫలానా స్టాపు అని చెప్పి కళ్ళు మూసుకుంటే, ఇక ఆ పూచీ లేపేవాళ్ళదే. పళ్ళమ్మాయి దిగేది నీళ్ళ ట్యాంకు దగ్గర. ఆమెని లేపేది బడి టీచరమ్మ. నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికించే చోట పనిచేస్తాను, నా స్టాపు అంతకన్నా ముందే వచ్చేస్తుంది.

పళ్ళమ్మాయి ఇలా ఏళ్ళు నెట్టుకొచ్చింది. ఇల్లు మాత్రం ముచ్చటగా పెట్టుకుంది. ముందుగదికి పసుపు రంగు పరదాలు కొంది. వాటి మీద ఎండ పడితే గదంతా ఎంత బాగుంటుందో నాకు తెలుసు, పెద్దావిడకి తెలుసు. కొన్న మనిషికి తెలీదు. ఎండ రాకముందే వెళ్ళిపోయి, ఎండ పోయాక వస్తుంది. ఒకసారి మొగుడు "ఇంత మంచి ఇల్లు ఇంకెక్కడ దొరుకుతుంది" అన్నాడు. "ఇల్లు మంచిదేనండీ. ఇంట్లో నేనెక్కడున్నాను?" అంది. దానికీ అతను ఊఁ అన్నాడు.

ఆ తర్వాత మనిషి కరిగిపోవడం మొదలైంది. సాయంత్రం చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు చాలాసేపు పోయేవి కావు. లాబులో మైనం కరిగించే దీపం ముందు కునుకు పట్టి వేలు కాల్చుకుంది. ఒకరోజు కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయింది. ఆ సంగతి పెద్దావిడే నాకు చెప్పింది.

"తింటుందిలే అని చూస్తూ కూర్చున్నానమ్మాయ్. చెయ్యి అలాగే ఉంది, కళ్ళు మూతలు పడిపోయాయి. వేళ్ళల్లోంచి ముద్ద తీసి కంచంలో పెట్టి, చెయ్యి నేనే కడిగాను. అప్పుడు కూడా లేవలేదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే లాబు వెనక సందులో ఒక మేడగది ఖాళీ అయింది. అక్కణ్ణుంచి పనికి నడిచి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో వెతుకుతుంటే, వాళ్ళ తాహతుకి ఊళ్ళో దొరికిన గది అదొక్కటే. ఎందుకు దొరికిందో చూస్తే తెలుస్తుంది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి గోడ. రెండో మంచం బయట నడవాలో వేసుకోవాలి. ఆ అంతస్తులో ఉన్నవాళ్ళందరూ ఆ నడవాలోంచే కుళాయికి పోవాలి.

రెండో మంచం పెద్దావిడది. తంటా అంతా అక్కడే. ఈ కాలనీకి రాకముందు, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆవిడ పడక స్నానాల గది గుమ్మం ముందే. ఎవరు లేచినా ఆవిణ్ణి దాటుకునే వెళ్ళాలి, కొడుకుతో సహా. తొక్కుతారేమోనని కాళ్ళు ముడుచుకుని పడుకోవడం అలవాటైపోయిందట. ఇక్కడికొచ్చాక ఆవిడకంటూ ఒక గది వచ్చింది. చిన్నదే, కానీ తలుపుంది, లోపల గడియ ఉంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకపోయినా గడియ పెట్టుకుని కూర్చునేది.

"లోపల ఏం చేస్తుంటారు పిన్నిగారూ?" అని ఒకసారి అడిగాను.

"ఏముందమ్మాయ్, కాళ్ళు చాపుకుంటాను" అంది.

అలాంటి మనిషి, కోడలు ముద్ద పట్టుకుని నిద్రపోయిన మర్నాడు, తనంతట తనే అంది: "ఆ గది తీసేసుకోండిరా. నాకేంటి, ఎక్కడ నడుం వాల్చినా ఒకటే."

కొడుకు ఊఁ అన్నాడు. కాసేపయ్యాక, అతనికి చేతనైన న్యాయం ప్రకారం, "అమ్మ ఒకసారి కళ్ళారా చూసి సరేనంటేనే తీసుకుందాం" అని కూడా అన్నాడు. కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాకు వినబడింది గిన్నెలు కడిగే చప్పుడొక్కటే. ఆ ఉన్న నాలుగు గిన్నెల్నే చాలాసేపు కడిగింది. ఆ మేడగది ఆమెకి ఎంత కావాలో నాకు తెలుసు. కావాలని నోరు తెరిచి అడగడానికి ఎందుకు భయపడుతోందో కూడా తెలుసు.

మేడగది అద్దెకిచ్చే ఇంటావిడ ఫోనులో కరాఖండిగా చెప్పేసింది. "ఇంకోళ్ళు కూడా అడుగుతున్నారమ్మా. రేపు పొద్దున ఎవరు ముందొచ్చి తాళంచెవి తీసుకుంటే గది వాళ్ళది."

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ నాతోపాటే బస్సెక్కారు. పెద్దావిడకి ఎవరో వెంటనే సీటిచ్చారు, వయసు ముందు మా చట్టం చెల్లదు. కోడలు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. నిలబడే కునికింది. మోకాళ్ళు వంగడం, ఉలిక్కిపడి నిటారుగా అవడం, మళ్ళీ వంగడం. మేం రోజూ ఆ పనే చేస్తాం గనక ఒకరినొకరం చూసుకోం. పెద్దావిడ చూడటం అదే మొదలు. ఇన్నేళ్ళూ కోడలు గుమ్మం దాటడం చూసింది, గుమ్మంలోకి రావడం చూసింది, మధ్యలో ఏముందో చూడలేదు. వంతెన వచ్చేదాకా ఆవిడ కిటికీవైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

వంతెన మీద పెద్దావిడ పక్కనున్నావిడ లేచింది, కోడలు కూర్చుంది. కూర్చున్న మరుక్షణం అత్తగారి భుజం మీద తల వాల్చేసింది. టీచరమ్మ అలవాటు ప్రకారం, "నీళ్ళ ట్యాంకు దగ్గర లేపుతాలెండి" అంది.

"నేనున్నాగా తల్లీ. సగం జీవితం ఆ పేటలోనే గడిపినదాన్ని, నాకు తెలీదా. నేను లేపుకుంటాలే" అంది పెద్దావిడ.

నా స్టాపు వచ్చి నేను దిగిపోయాను. దిగుతూ వెనక్కి చూశాను. భుజం కదులుతుందేమోనని ఆవిడ ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తోంది. నాకు ముచ్చటేసింది. ఇద్దరికీ ఇక మంచిరోజులే అనుకుంటూ పనిలోకి వెళ్ళాను.

తర్వాత జరిగింది కొంత టీచరమ్మ చెప్పింది, మిగతాది పెద్దావిడ చెప్పింది. నీళ్ళ ట్యాంకు స్టాపులో బస్సు ఆగింది. టీచరమ్మ తిరిగి చూసింది. పెద్దావిడ పెదవుల మీద వేలు పెట్టింది. వీళ్ళకి ముందు ఇంకెక్కడో పని ఉందేమోననుకుని టీచరమ్మ ఊరుకుంది. బస్సు కదిలింది. ఆఖరి స్టాపులో ఇంజను ఆగిపోయాక, ఆ నిశ్శబ్దానికి కోడలికి మెలకువ వచ్చిందట. చుట్టూ ఖాళీ సీట్లు, కండక్టరు టిక్కెట్ల సంచీ సర్దుకుంటున్నాడు. కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది, తర్వాత గది ఇంటావిడకి ఫోను చేసింది.

"ఇప్పుడే ఇచ్చేశానమ్మా. వాళ్ళు మంచం కూడా పైకెక్కించేస్తున్నారు" అంది ఇంటావిడ.

ఆలస్యమవుతుందని లాబుకి ఇంకో ఫోను చేసింది. పెద్దావిణ్ణి వెనక్కి వచ్చే బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, తను పనికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గోడ అవతల కొడుకే ముందు నోరు విప్పాడు. "పోనీలే, ఇంకోటి చూద్దాం" అన్నాడు. ఈసారి ఊఁ అనేవాళ్ళు లేకపోయారు. అతను బయటికి వెళ్ళిపోయాక పెద్దావిడ గొంతు వినబడింది.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి."

"చెప్పండి అత్తయ్యా."

"మొదట జాలే. ఒట్టు. ఇంకాస్త పడుకోనీ, స్టాపు వచ్చాక లేపుదాం అనుకున్నాను. స్టాపు వచ్చింది. నీ బుగ్గ తట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. అప్పుడు ఆ నడవా మనసులో మెదిలింది. మళ్ళీ అందరూ నా మీదుగా దాటుకుంటూ పోతారు కదా అనిపించింది. చెయ్యి దింపేశాను. నీ నిద్ర కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను గానీ, కాదు. నా గది కోసం."

కోడలు పక్క దులుపుతున్న చప్పుడు వినబడింది.

"తిట్టవే. నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను. కడుపులో మాత్రం దాచుకోకు."

కోడలి గొంతులో కోపం లేదు. అది వినే నాకు భయమేసింది.

"తిట్టాలన్నా ఓపిక ఉండాలి కదా అత్తయ్యా. పొద్దున్నే లేవాలి నేను. ఆదివారం దాకా ఆగండి" అంది.

నాకు వాళ్ళిద్దరిలో ఎవరి మీదా కోపం రాలేదు. మా కాలనీ మొదట్లో ఆ బోర్డు పెట్టినవాణ్ణి తీసుకొచ్చి, ఒక్క నెల ఆ బస్సులో నిలబెట్టాలనిపించింది.

కాలనీలో నోళ్ళు ఊరుకుంటాయా. ముసలావిడ గట్టి పిండం, గది పోకుండా చక్రం తిప్పిందని కొందరన్నారు. అలాంటి అత్తగారి దగ్గర ఇన్నేళ్ళు ఉండటమే గొప్ప అన్నారు ఇంకొందరు. కుళాయి దగ్గర ఒకామెతో నేను గట్టిగానే పోట్లాడాను. నిజం చెప్తే, నా వైపు పెద్ద వాదనేమీ లేదు. కాళ్ళు చాపుకోవడానికి చోటు కావాలనుకోవడం కూడా తప్పేనా అని మాత్రం అడిగాను. ఆమె, "మరి ఆ పిల్ల కాళ్ళ సంగతేంటి?" అంది. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆ వారమంతా పళ్ళమ్మాయి మాతో బస్సెక్కింది, వంతెన దాకా నిలబడింది, వంతెన దాటాక పడుకుంది. టీచరమ్మ లేపింది.

ఆదివారం వచ్చింది. పెద్దావిడ తెల్లవారకముందే లేచి వంట ముగించేసింది. ఏదో వంక పెట్టి కొడుకుని బయటికి పంపేసింది. ముందుగదిలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను చక్కెర అప్పుకని వెళ్తే, "ఇవాళ కాదమ్మాయ్, అది లేస్తుంది, మేం మాట్లాడుకోవాలి" అని గుమ్మంలోంచే పంపేసింది. పరదాల మీద ఎండ పడి గదంతా పసుపుగా ఉంది. కోడలు లేవలేదు. మధ్యాహ్నం దాటింది. పెద్దావిడ తినలేదు, తన గదిలోకి కూడా వెళ్ళలేదు. ఎండ పరదాల మీంచి గోడ మీదికి, గోడ మీంచి బయటికి వెళ్ళిపోయింది.

చీకటి పడబోతుండగా కోడలు లేచిన అలికిడి వినబడింది. మంచినీళ్ళు తాగింది. కంచం పెట్టుకుని తింది.

"రేపు కట్టుకునే బట్టలు ఆరాయా అత్తయ్యా?" అని అడిగింది.

"ఆరాయమ్మా."

"అయితే పొద్దున ఇస్త్రీ చేసుకుంటా."

అంతే. మళ్ళీ లోపలికెళ్ళి పడుకుంది.

కాసేపటికి పెద్దావిడ మా గుమ్మంలోకి వచ్చింది. రమ్మంటే రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమంది పిన్నిగారూ?" అన్నాను, విననట్టు.

"ఏమీ అనలేదమ్మాయ్. మర్చిపోయింది. అలసిపోయి మర్చిపోయింది" అని మా తలుపు పట్టుకుని ఏడ్చింది. "తిట్టమని దాన్ని ఇప్పుడెలా లేపను?"