మానుకోట దాటని రుక్మిణమ్మ గుండిగలు

తొర్రూరులో ఒక పుకారు ఉంది. సకల జనుల సమ్మె రోజుల్లో మానుకోట పొలిమేర మీద జరిగిన పెద్ద రాస్తారోకోకు పిలుపిచ్చింది ఏ నాయకుడూ కాదట, టెంట్ హౌస్ రుక్మిణమ్మట. మైకు పట్టి ఇవ్వలేదు, కరపత్రం పంచి ఇవ్వలేదు, ఒక్క మిస్డ్ కాల్ కొట్టి ఇచ్చిందట. ఆ కాల్ ఎత్తినవాళ్లు లేరు. ఎత్తితే అది మిస్డ్ కాల్ ఎట్లయితది? చూసినవాళ్లూ లేరు. ఇన్నేళ్లలో ఔనని ఒట్టేసి చెప్పినవాళ్లూ లేరు. అయినా బస్టాండు నుంచి కూరగాయల అంగడి దాకా ఎవరిని అడిగినా, కళ్లారా చూసినట్టే చెబుతారు.

రుక్మిణమ్మ పుట్టిల్లు బచ్చన్నపేట. బావిలో బొక్కెన వేస్తే నీళ్లకు బదులు దుమ్ము వచ్చే చోటు నుంచి పెళ్లయి తొర్రూరు వచ్చింది. మొగుడు నర్సయ్య సేటు తన టెంట్ హౌస్‌కు ఆమె పేరే పెట్టుకున్నాడు. కుర్చీల వీపుల మీద, బగోనల అంచుల మీద, గంటెల కాడల మీద, అన్నిటి మీదా ‘రుక్మిణి’ అని చెక్కించాడు. జిల్లాలో ఏ పెళ్లిలో పప్పు తిన్నా ఆమె పేరు చూడకుండా తినలేరు. ఇక అన్నం వండే గుండిగల సంగతి చెప్పనక్కర్లేదు. అన్నిట్లోకీ పెద్ద గుండిగ ఎంత పెద్దదంటే, ఒకసారి అందులో అన్నం కలపడానికి దిగిన వంటమనిషి పెళ్లి అయిపోయాక కానీ బయటికి రాలేదంటారు.

నర్సయ్యకు ఒక కానూను ఉండేది. పొయ్యి ఎక్కిన గుండిగను విందు ముగియకముందు ఎవరూ దించకూడదు, ఆఖరికి యజమాని కూడా. విందు ముగిశాక తీసుకున్నవాళ్లే కడిగి, బోర్లించి, అప్పజెప్పాలి. బోర్లించిన గుండిగే విందు అయిపోయిందనడానికి గుర్తు. ఒకసారి పెళ్లిపందిట్లో వియ్యంకులు కొట్టుకుని, పెళ్లికొడుకు అలిగి చెరువు గట్టెక్కినా నర్సయ్య గుండిగ ముట్టుకోలేదు. "విందు ముగియలె. నా చెయ్యి లేవది" అని బండ మీద కూర్చున్నాడు. ఆ పెళ్లి మూడుపూటలు ఆలస్యంగానైనా జరిగింది, గుండిగ బోర్లింది.

ఉద్యమం వచ్చింది. నర్సయ్య సామాను మొత్తం ఉద్యమంలోకి పోయింది. ఒక శామియానా జనగామ చౌరస్తాలో నిరాహారదీక్ష మీద, ఒకటి ఘనపూర్‌లో లాయర్ల మీద, ఒకటి భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల మీద. పెళ్లిళ్లు ఆగినయ్, బస్సులు ఆగినయ్, బడులు ఆగినయ్. ఆగనిది ఒక్క కొమురెల్లి ఫోను.

కొమురెల్లి నర్సయ్యకు తోడల్లుడు, రుక్మిణమ్మ చెల్లెలి మొగుడు. ఛత్తీస్‌గఢ్‌లో, కుంట దాటి ఎక్కడో అడవి అంచున ఉన్న పల్లెలో భూమి చేసుకుంటున్నాడు. అక్కడికి కరెంటు ఇంకా దారి వెతుక్కుంటోంది. బస్సు అంగడి రోజు ఒక్కటే వస్తుంది, అదీ దానికి బుద్ధి పుడితే.

"అన్నా, గీడ గాలి సుత తియ్యగుంటది" అనేవాడు కొమురెల్లి. "గుమ్మడికాయ కాస్తే ఇద్దరు మోయాలె. ఇప్పపూలు వాన లెక్కనే రాలుతయి. సుట్టు ఇరవై ఊర్లల్ల టెంట్ హౌస్ లేదు. పెండ్లిళ్లు చెట్ల కిందనే చేస్తరు. నువ్వొస్తే రాజువే!"

నర్సయ్యకు కళ్ల ముందు గుమ్మడికాయలు తిరగడం మొదలైంది.

"చెట్టు నీడ పుక్కట్ల దొరికేకాడ నీ టెంటు ఎవడు తీసుకుంటడయ్యా?" అన్నది రుక్మిణమ్మ.

"అలవాటు చేయాలెనే!"

"చెట్టు కింద కూసునుడు మరిచిపోతరా వాళ్లు, నువ్వు అలవాటు చేస్తే?"

కూతురు రచన ఇంటర్ చదువుతుండేది. సమ్మె వల్ల కాలేజీ లేక, గొంతంతా నినాదాలకే వాడుతోంది. "బాపూ! ఊరంత మన రాష్ట్రం మనకు గావాలె అని రోడ్డెక్కితే, నువ్వు ఇంకోళ్ల రాష్ట్రం పోతనంటవా? మా దోస్తుల ముందర నా ఇజ్జత్ ఏంగావాలె?"

"రాష్ట్రం రానీ బిడ్డా, మర్లొద్దాం."

"వచ్చిన రాష్ట్రంలకు వచ్చుడు కాదు బాపూ, తెచ్చేటప్పుడు ఉండాలె!"

ఇట్లా కాదని నర్సయ్య తన పద్ధతిలో తేల్చడానికి పూనుకున్నాడు. ఆయన ఏ సంగతైనా కుర్చీలతోనే తేలుస్తాడు. పోవడానికి ఒక్కో కారణానికి ఒక ఎర్ర కుర్చీ, ఉండడానికి ఒక్కో కారణానికి ఒక నీలం కుర్చీ. ఏ వరుస పొడవైతే ఆ మాట. రచనను ఏ కాలేజీలో వేయాలో, ఇంటికి ఏ రంగు వేయాలో అన్నీ అట్లనే తేలాయి.

వాకిట్లో వరుసలు మొదలయ్యాయి. చవక భూమి, ఎర్ర కుర్చీ. తియ్యటి గాలి, ఎర్ర కుర్చీ. గుమ్మడికాయకు రెండు కుర్చీలు వేశాడు, పెద్దదని. ఎర్ర వరుస గేటు దాకా వచ్చింది.

"ఇగ ఉండేతందుకు చెప్పుండ్రి" అన్నాడు.

"మన ఊరు!" అన్నది రచన.

నర్సయ్య నీలం కుర్చీ కోసం కొట్టంలోకి పోయాడు. వెతికాడు. ఒక్కటి లేదు. నీలం కుర్చీలన్నీ దీక్షా శిబిరాల్లో ఉన్నాయి, వాటి మీద ఊరు మొత్తం కూర్చుని జై తెలంగాణ అంటోంది.

"నీలం కుర్చీలు లేవు, కారణాలు సుత లేనట్టే" అని తీర్పు చెప్పాడు.

"ఎర్ర కుర్చీనే తిప్పి వేయరాదు బాపూ!"

"కానూను కానూనే బిడ్డా."

అప్పుడు రుక్మిణమ్మ వంటింట్లోంచి పీట తెచ్చి, నీలం వరుస ఉండాల్సిన చోట వేసి, దాని మీద తనే కూర్చుంది. నవ్వుతూనే కూర్చుంది కానీ గొంతు మాత్రం నవ్వలేదు. "నేనున్న గదయ్యా. ఒక్కసారి బచ్చన్నపేట నుంచి వచ్చి కొత్త కోడలినయిన. ఏ ఇంట్ల ఉప్పెక్కువ తింటరు, ఏ పెండ్లిల ఎవలు అలుగుతరు, అన్ని నేర్చుకునేసరికి నెత్తి నెరిసింది. మల్లొక్కసారి కొత్త కోడలిని కమ్మంటవా? గాడ వాళ్ల భాష నాకు రాదు. చెల్లె ఒక్కతి తప్ప నేను ముచ్చట ఎవలతోని చెప్పాలె? ఎవల మీద చెప్పాలె?"

నర్సయ్య వంగి ఆ పీట ఎత్తు జానతో కొలిచాడు. తర్వాత, "పీట కుర్చీ కాదు గదనే" అన్నాడు, మెల్లగా, భార్య ముఖం చూడకుండా.

పయనం ఖాయమైంది. ఇంటి సామాను, మిగిలిన ఎర్ర కుర్చీలు, ముఖ్యంగా గుండిగలు, అన్నీ ఒక డీసీఎం వ్యానులోకి ఎక్కాయి. ఆ బండి బాల్‌సింగ్‌ది. తొర్రూరు పక్క తండా ఆయనది. ఆయన భార్య తుల్సీబాయి పెళ్లిళ్లలో రుక్మిణమ్మతో కలిసి అన్నం వార్చేది. ఆ ఇద్దరి దోస్తీ ఎట్లాంటిదంటే, ఒకరికి తుమ్ము వస్తే ఇంకొకరు ముక్కు తుడుచుకునేవాళ్లు.

బయల్దేరే రోజు పొద్దున వాడకట్టంతా గుమిగూడింది. "సద్దుల బతుకమ్మ మూన్నాళ్లల్ల పెట్టుకొని ఊరు దాటుతరా?" అని ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. రుక్మిణమ్మ అందరినీ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు తొర్రూరు చెరువు మత్తడి దూకిందని కూడా చెప్పుకుంటారు. తుల్సీబాయి మాత్రం చెంగు బిగించి, గట్టిగా నిలబడింది.

"పో అక్కా, పో. తొవ్వల ఏమన్న తిని పోండ్రి."

ఏడుస్తున్న రుక్మిణమ్మ ఒక్క క్షణం ఆగి, ముక్కు చీది, మళ్లీ ఏడ్చింది. అప్పుడే ఇంటి వెనక కోళ్ల గూడు దగ్గరికి ఏదో మరిచిపోయానని ఒక్కతే పోయి వచ్చిందట. అక్కడ ఏం మరిచిపోయిందో ఎవరికీ తెలియదు. మిస్డ్ కాల్ పుకారు పుట్టిన చోటు ఆ కోళ్ల గూడే.

బండి కదిలింది. బాల్‌సింగ్ మామూలుగా గాలికంటే ముందు పోయే మనిషి. ఆ రోజు ఎడ్లబండి కూడా హారన్ కొట్టి దాటిపోయింది. నెల్లికుదురు దగ్గర చాయ తాగాడు. చాయ బాగుందని మళ్లీ తాగాడు. టైరును తట్టి, దాని ఆరోగ్యం అడిగాడు.

"బాల్‌సింగ్, జర జల్దీ!" అన్నాడు నర్సయ్య.

"గుండిగలు ఉన్నయి సేటు. సొట్టబడితే నువ్వే తిడ్తవ్."

మానుకోట పొలిమేర రాగానే బండి ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట జనం ఉన్నారు. డప్పులు, బోనాలు, గౌడన్నల మోకులు, గొల్లకుర్మల గొర్లు. ఆడవాళ్లు తంగేడుపూల బతుకమ్మలు నడిరోడ్డు మీద పెట్టి ఆడుతున్నారు. రోడ్డు అంచున రాళ్లతో కొత్తగా పేర్చిన పెద్దపెద్ద పొయ్యిలు, నిప్పు అంటుకుని, ఖాళీగా మండుతున్నాయి. వంటావార్పు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తిని, ప్రభుత్వానికి కడుపు మండించే కార్యక్రమం. బియ్యం ఇంటింటి నుంచి వచ్చాయి, పప్పు వచ్చింది, వంకాయలు బస్తాలుగా వచ్చాయి. గుండిగలే రాలేదు.

జనం మధ్యలో ఎవరు నిలబడి ఉన్నారు? తుల్సీబాయి! బండి కంటే ముందు ఎట్లా చేరిందో దేవుడికే తెలియాలి. మరిది స్కూటరు వెనక కూర్చుని వచ్చిందని కొందరు, లేదు, ఎగిరి వచ్చిందని కొందరు.

"అగో! నర్సయ్య సేటు గుండిగలు తెచ్చిండు!" అని కేక పెట్టింది.

జై తెలంగాణ అని జనం అరిచిన అరుపుకు కొమ్మల మీది కాకులు ఖమ్మంలో దిగాయి. కళ్లు మూసి తెరిచేలోపు డీసీఎం వెనక తలుపు ఊడింది. గుండిగలు చేతుల మీద తేలిపోతూ పొయ్యిల వైపు నడిచాయి. నర్సయ్య బండి మీద నిలబడి "అరె ఆగుండ్రి, గవి గాడికి..." అంటుండగానే మెడలో బంతిపూల దండ పడింది. చేతిలోకి మైకు వచ్చింది.

శిబిరం పెద్ద సారయ్య, రిటైరైన పంతులు, కింద నుంచి అడిగాడు. "సేటూ, గీ గుండిగలు ఏడికి తీసుకపోతున్నవ్? నువ్వే నోరారా చెప్పు!"

ఊరికి ఊరు నర్సయ్య నోటి వైపు చూసింది. బతుకమ్మ పాట ఆగింది. గొర్లు కూడా నమలడం ఆపాయంటారు. బండి ముందు సీట్లో రుక్మిణమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆయన ఛత్తీస్‌గఢ్ అన్నాడంటే ఇంతే సంగతి, రచన ఇజ్జత్ పోతుంది, తన తొర్రూరు పోతుంది. నర్సయ్య వెనక్కి తిరిగి ఒక్కసారి భార్య వైపు చూశాడు. పీట మీద కూర్చున్నప్పుడు చూడని ముఖాన్ని ఇప్పుడు చూశాడు.

మైకు గురగురలాడింది.

"గీడికే!" అన్నాడు నర్సయ్య. "ఇంకేడికి?"

ఇక ఆ సంబరం చెప్పతరం కాదు. నర్సయ్యను ఎత్తుకుని ఊరేగించారు. రచన బండి టాపు మీదికెక్కి నినాదాలిచ్చింది. పప్పుచారు వాసన పోలీసులకు తగిలింది. లాఠీలు పక్కన పెట్టి వాళ్లూ విస్తర్ల ముందు కూర్చున్నారు. రుక్మిణమ్మ, తుల్సీబాయి ఆ పెద్ద గుండిగకు చెరోవైపు నిలబడి వార్చారు. మానుకోట తిన్నది, దారిన ఆగిన లారీలు తిన్నాయి.

మధ్యలో కొమురెల్లి ఫోను. "అన్నా, ఏడిదాంక వచ్చిండ్రు? గుమ్మడికాయ కోసిపెట్టిన!"

"పెండ్లిల ఉన్నం" అన్నాడు నర్సయ్య, నోట్లో వంకాయతో.

"ఎవల పెండ్లి?"

"తెలంగాణది!"

కడుపు నిండాక నర్సయ్యకు పయనం గుర్తొచ్చింది. అన్న మాట అన్నాడు కానీ గుమ్మడికాయ ఇంకా పూర్తిగా వదల్లేదు. మెల్లగా గుండిగ దగ్గరికి పోయి, "ఇగ కడిగిస్తే..." అని నసిగాడు.

సారయ్య పంతులు విస్తరి ముందు నుంచి లేవకుండానే అడిగాడు. "సేటూ, నీ కానూను ఏంది?"

"విందు ముగిసినంక కడిగి బోర్లియ్యాలె."

"గిది ఎవల విందు? తెలంగాణ విందు. తెలంగాణ వచ్చిందా?"

"రాలె."

"మరి ముగిసిందా?"

నర్సయ్య గుండిగ అంచు మీది నుంచి చెయ్యి తీసేశాడు. పెళ్లికొడుకు చెరువు గట్టెక్కినా తప్పని కానూను అది. సొంత గుండిగ కోసం తప్పితే రేపు తొర్రూరులో ఎవరు మాట వింటారు? దండ సర్దుకుని రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "ముగియలె" అన్నాడు. ముందు సీట్లోకి మళ్లీ ఎక్కిన రుక్మిణమ్మ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. ఊరు దూరమైందని ఏడుస్తోందేమో అనుకుని ఇద్దరు ముసలమ్మలు ఆమె వీపు నిమిరారు.

ఛత్తీస్‌గఢ్ దిక్కు గుండిగలు మానుకోట దాటలేదు. అక్కడి నుంచి వెనక్కి జనగామ పోయాయి, భూపాలపల్లి పోయాయి. ఏ రోడ్డు ఆగితే ఆ రోడ్డు మీద ఉడికాయి. గుండిగలు లేని టెంట్ హౌస్‌తో ఏ రాష్ట్రం పోతాడు? నర్సయ్య డీసీఎం తిప్పించుకుని సద్దుల బతుకమ్మ నాటికి ఇల్లు చేరాడు. తెలంగాణ వచ్చిన రోజు, తొర్రూరు చౌరస్తాలో తుల్సీబాయి చింతపండు పెట్టి తోమి, పెద్ద గుండిగను అందరి ముందు బోర్లించింది. దాని మీద రుక్మిణి అన్న పేరు కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. "ఇల్లు కదలకుంటనే కొత్త రాష్ట్రం పోయినం" అని నర్సయ్య ఇప్పటికీ మీసం తిప్పుతాడు.

రుక్మిణమ్మను అడిగితే మాత్రం బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టదు.

"ఛత్తీస్‌గడా? మేం ఎప్పుడు పోదమనుకున్నం? గుండిగలు ఉద్యమానికే తీస్కపోయినం, మా ఆయన మైకుల చెప్పలేదా? కుర్చీలేంది, పీటేంది? ఎవలు చెప్పిండ్రు మీకు? ఇగ మిస్డ్ కాలంటరా, నాకు ఫోను ఒత్తుడే రాదు. కోళ్ల గూడు కాడికి పోయింది సుత అబద్ధం. మా ఇంట్ల కోళ్లే లేకుండె."

లోపలి నుంచి నర్సయ్య గొంతు వినిపిస్తుంది. "ఉండెనే! ఎర్రపుంజు నీ వెనుకనే తిరుగుతుండె గద!"

"నువ్వు సప్పుడు చెయ్యకు. గది పక్కింటోళ్లది."