దెబ్బగారు ఆడిన అబద్ధం

పాత నాణేలు కొని అమ్మే ఆ దుకాణదారుణ్ణి ఊళ్లో అందరూ దెబ్బగారనే పిలిచేవారు. చెయ్యి చేసుకునే మనిషేం కాదు. ఈగను తోలడానికి కూడా మొహమాటపడే రకం. తెచ్చిన ప్రతి నాణేన్నీ భూతద్దం కింద పెట్టి, "దెబ్బ తిన్నదండీ" అని వెనక్కిచ్చేయడమే ఆయన చేసుకున్న పాపం.

దుకాణమంటే ఇంటి మెట్ల కింద గది. నిలబడితే తల కొట్టుకుంటుంది, కూర్చుంటే మోకాళ్లు. టంకశాలలో తప్పు పడ్డ నాణేనికి బోలెడు ధర పలుకుతుందని విని, నాణెం మీద ఏ కాస్త వంకర కనబడినా దశ తిరిగిందనుకుని జనం అక్కడికి పరుగెత్తుకొచ్చేవారు.

"చూడండి, అంకె మీద గీత! టంకశాల వాళ్ల పొరపాటేగా?" అంది బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు.

"గోరుతో తడమండమ్మా. లోపలికి దిగింది కదా? ఎవరో గీకారు. టంకశాలలో నాణెం కొట్టే అచ్చు చిట్లితే గీత పైకి ఉబ్బుతుంది."

ఆవిడ పట్టు వదలకుండా ఉబ్బిన గీత ఉన్నదే వెతికి తెచ్చింది.

"ఇది టంకశాల తప్పే. కానీ అచ్చులు చిట్లడం మామూలేనమ్మా, ఇలాంటివి బోలెడు. హాయిగా ఖర్చు పెట్టుకోండి."

తప్పు టంకశాలదైనా, మనుషులదైనా, శాపనార్థాలు మాత్రం దెబ్బగారికే.

అలాంటి దుకాణానికి ఆయన వియ్యంకుడు వచ్చాడు. టీ చల్లారిందని ఒకసారి అలిగి, దెబ్బగారి కూతుర్ని మూడు పండగల దాకా పుట్టింటికి పంపలేదు; అలక ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"బావగారూ, ఈ నాణెం మీద అంకె రెండుసార్లు పడింది! సంతలో దొరికింది. మీరు చూసి చెప్పాలి."

దెబ్బగారు చూశారు. రెండో అంకె తిరగబడి, లోపలికి నొక్కుకుపోయి ఉంది. వెనకవైపు సరిగ్గా అక్కడే బొమ్మ చదునైపోయింది. రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎవరో ఇనప వైసులో పెట్టి గట్టిగా బిగించి నొక్కారు. అనుమానానికి తావే లేదు.

"దె..." అన్నారాయన. టీ తెచ్చిన భార్య గుడ్లురిమింది. "దె... దేదీప్యమానంగా ఉంది బావగారూ! అసలైనదే!"

వియ్యంకుడు పొంగిపోయాడు. "అయితే మీ అద్దాల బీరువాలోనే ఉండనివ్వండి. నలుగురూ చూస్తారు."

నలుగురేం ఖర్మ, ఊరంతా చూసింది. దెబ్బ తిన్నవని వెనక్కి పంపిన నాణేలన్నీ తిరిగొచ్చాయి. వియ్యంకుడు మాత్రం స్నేహితుల్ని వెంటేసుకొచ్చి బీరువా ముందు నిలబడి మురిసిపోతుండేవాడు. ఒకరోజు ఆయన అక్కడుండగానే కుట్టు ఆవిడ వచ్చింది.

"నిరుడు నేను తెచ్చిన ఇంకో నాణెమూ అచ్చం ఇలాంటిదే. నాది దెబ్బ తిన్నదీ, మీ బావగారిది అసలైనదీనా?"

అందరూ దెబ్బగారి వైపు చూశారు. ఆయన మాత్రం ఎంతకని దాస్తారు?

"ఇదీ దెబ్బే," అన్నారు చివరికి. నాణెం తిప్పి చదునైన చోటు చూపించారు. "క్షమించండి బావగారూ. మీ మనసు నొప్పించలేక అన్నాను."

వియ్యంకుడు కోప్పడలేదు. "మరి మొన్న నేను పాడిన పద్యం విని ఆహా అన్నారే, అదీ ఇంతేనా?"

దెబ్బగారు తలొంచుకున్నారు. "పద్యం మంచిదే బావగారూ..."

"గొంతు?"

దెబ్బగారు భూతద్దం తుడవడం మొదలెట్టారు. వియ్యంకుడు టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆ రాత్రి భార్య దెబ్బగారికి చల్లారిన అన్నమే వడ్డించింది.

వారం తిరక్కుండా కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, మామయ్యగారు పద్యాలు మానేశారు. ఇంటిల్లిపాదీ నీకు దణ్ణం పెడుతున్నాం."

దెబ్బగారి గుండె కుదుటపడింది.

"కానీ ఇప్పుడు బొమ్మలు వెయ్యడం మొదలెట్టారు. మొహమాటం లేకుండా నిజం చెప్పేది నువ్వొక్కడివేనట. ఆదివారం అన్నీ పట్టుకొస్తున్నారు."