మూడింటిలోపు మోగిన ఫోన్

మా చెల్లి అలైడా నలభై ఏళ్ళ వయసులో, చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్ళ కోసం పెట్టిన తల్లుల బడిలో చేరింది. దాని పధ్నాలుగో ఏట ఇద్దరం ఒకే రోజు చదువు మానేసి, హాలండ్‌లో మా ఊరు డెవెంటర్‌లోని తివాచీల మిల్లుకి వెళ్ళినవాళ్ళం. అది మళ్ళీ పుస్తకం పట్టేసరికి నాకు కడుపు మండిపోయింది. దాచడమెందుకు?

వాళ్ళ మరుగుదొడ్డి గోడకి, మా దేశంలో అందరిళ్ళల్లో లాగే, పుట్టినరోజుల క్యాలెండర్ ఉండేది. దాని పక్కనే ఇంగ్లీషు క్రియల పట్టిక అంటించింది. ‘డ్రింక్, డ్రాంక్, డ్రంక్’ అని లోపలినుంచి ఒకటే వల్లింపు. మా డచ్చిలోనూ ఆ మాటలు ఇంచుమించు అలాగే మారతాయి కాబట్టి సగం ఊరికే వచ్చేశాయి. మన మాటలాగే ఉంటుందిలే అని నమ్మిన చోటే దాని కొంప మునిగేది.

"హెల్ప్డ్ అని రాయాల్సిన చోట హీల్ప్ అని రాశానే అక్కా, మనం అలా అంటాం కదాని!" అని ఓసారి పకపకా నవ్వింది.

"సంతలో హెర్రింగ్ చేప ఇంగ్లీషులో అడిగితే ఇంకోటి ఎక్కువేస్తాడేంటే?" అన్నాను.

"డిప్లొమా ఉంటేనే నర్సు శిక్షణకి తీసుకుంటారు. ఈ ఇంగ్లీషొక్కటి గట్టెక్కితే చాలు."

మా మరిది గెరిట్ దానికి వత్తాసు. "వదినా, రోజూ మరుగుదొడ్లో కూర్చుని కూర్చుని నాకూ వచ్చేశాయి!" అనేవాడు. మా ఆయన నన్ను ఏం నేర్చుకుంటావని ఒక్కనాడూ అడగలేదు. పైగా గురువారం నాతో కాఫీకి వచ్చేదల్లా పరీక్షల పేరు చెప్పి చెల్లి అదీ మానేసింది.

ఫలితాల రోజున ఆ బడిది ఒక పద్ధతి. రెండింటికీ మూడింటికీ మధ్య ఫెయిలైనవాళ్ళకే ఫోన్ చేస్తారు. మోగకపోతే పాసే. ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మూడుకి పది నిమిషాలుందనగా నేను దానికి ఫోన్ చేశాను.

నేను నోరు తెరిచేలోపే చెల్లి అంది. "తెలుసు సార్. పర్లేదు. మీరు బాగానే చెప్పారు, నా బుర్రకే ఎక్కలేదు." పెట్టేసింది.

మళ్ళీ చేసి నేనే అని చెప్పచ్చు. చెప్పలేదు. నాలుగింటికి సైకిలెక్కి వెళితే, నోట్సులన్నీ చెత్తడబ్బాలో ఉన్నాయి. నా భుజం మీద పడి ఏడ్చింది. "గురువారం వస్తాలే అక్కా" అంది. నా ప్రాణం హాయిగా ఉంది. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

గెరిట్ ఊరుకోలేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో కనుక్కుంటానని బడికి వెళ్ళి, వీధి చివరినుంచే అరుచుకుంటూ వచ్చాడు. "పాసయ్యావే! బళ్ళోంచి ఎవరూ ఫోనే చెయ్యలేదట!"

చెల్లి కళ్ళు తుడుచుకుంది. "మరి చేసిందెవరు?"

"నేనే. టైము చూసుకోలేదు" అన్నాను.

పాసైనవాళ్ళ ఇంటికి మా దగ్గర చేసే ఆనవాయితీ ప్రకారం గెరిట్ జెండా కట్టి, దాని కొసకి పుస్తకాల సంచీ వేలాడదీశాడు. వీధంతా వచ్చి చెయ్యి కలిపారు. చెల్లి ఇరవై ఏళ్ళు నర్సుగా చేసింది.

ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు ఈ కథ చెబుతుంది. "మా అక్క మతిమరుపు నన్ను రెండు గంటలసేపు ఫెయిల్ చేసింది!" అంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చెప్పినంతసేపూ అది నా వైపు మాత్రం చూడదు. దానికి తెలుసు. ఆ రోజే తెలుసు.