ముందు బస్సును అందుకోని మనిషి

మార్చి 9, ఆదివారం, సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఇల్లాలు వంటింటి బల్ల మీద అదే లెక్కను నాలుగోసారి భర్త ముందు పెట్టింది. ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్లుగా కుదుపులు తిన్న వెన్నెముక ఇక ఓర్వదని వైద్యుడు తేల్చి చెప్పాడు. స్టీరింగు వదిలి డిపోలో కంట్రోలరు కుర్చీ ఎక్కాలంటే శాఖాపరీక్షలో యాభైకి ముప్పై అయిదు మార్కులు రావాలి. కిందటిసారి ముప్పై ఒకటి వచ్చాయి. వయోపరిమితి ప్రకారం ఇదే ఆఖరి అవకాశం.

మొదటి బస్సు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. అరగంట తరువాత అదే దారిలో రెండోది యాభై వేగంతో బయలుదేరింది. మొదటిదాన్ని ఎంతసేపటికి అందుకుంటుంది?

"అందుకోదు," అన్నాడాయన.

"ఎందుకు అందుకోదండీ? యాభై పెద్దదా, నలభై పెద్దదా?"

"యాభయ్యే. కానీ వెనకవాడికి బుద్ధుంటే నలభైకి తగ్గిస్తాడు."

"వాడికి బుద్ధి లేదు. తగ్గించడు."

"అలాంటివాడికి బస్సెవరిచ్చారు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. దొంగా పోలీసుల లెక్క ఇస్తే, దొంగ సందులోకి తిరగకుండా తిన్నగా ఎందుకు పరిగెత్తాడని పొద్దున అరగంట వాదించాడు. ల్యాబులో ఏ పరికరమూ ఆమెకు ఇలా ఎదురు చెప్పదు.

"అసలు తగ్గించడం దేనికి?" అంది విసుగ్గా.

"ముందు బస్సును అందుకుంటే మెమో ఇస్తారే! జనమంతా దాన్లో ఎక్కేస్తారు, నేను ఖాళీ సీట్లను ఊరేగించుకోవాలి. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా అందుకోలేదు, తెలుసా?"

ఆమె పెన్సిలు కింద పెట్టింది. పుస్తకం జవాబు అంటున్నదాన్ని ఈయన నేరం అంటున్నాడు. నేరం ఎప్పుడు చేస్తావని అడిగితే ఎవరు మాత్రం చెబుతారు?

"సరే. మీరిప్పుడు కంట్రోలరు. వెనక బస్సు కొత్త డ్రైవరుది. ఒళ్లు తెలియకుండా యాభైలోనే తోలుతున్నాడు. ఎంతలోగా ఫోను చేసి వాణ్ని ఆపాలి?"

ఆయన నడుము నొప్పి మరిచి నిటారుగా కూర్చున్నాడు. "అరగంటలో ముందువాడు ఇరవై కిలోమీటర్లు పోయుంటాడు. ఈ వెధవ గంటకు పది చొప్పున తినేసుకుంటూ వస్తున్నాడు. రెండు గంటల్లో వాడి తోక మీదుంటాడు. ఈలోపు నేను..."

"చాలు! రెండు గంటలు. అదే జవాబు."

"ఇంతేనా? మొదటే అలా అడగొచ్చుగా!"

పుస్తకం విసిరికొట్టాలనిపించింది ఆమెకు. ఆపై పరీక్ష దాకా ప్రతి లెక్కనూ ఆపవలసిన తప్పుగా మార్చింది. సైకిలు పందెం లెక్కలోని ఇద్దరినీ కూడా డిపో ఉద్యోగులను చేయక తప్పలేదు.

ఫలితాల రోజున ఆమె ల్యాబులో ఉండగా ఆయన ఫోను చేశాడు.

"నోటీసు బోర్డు దగ్గర ఒకటే తోపులాటే! నా ముందు మన లావుపాటి కండక్టరు..."

"మార్కులెన్నండీ?"

"చెప్తున్నా కదా, ఆయన పక్కకు జరగడు, కళ్లజోడు తెచ్చుకోలేదట, నన్నే చదవమంటాడు..."

"ఏమండీ! మార్కులు!"

"ముప్పై ఏడు."